నూనె పట్టని బుగ్గలు

(పన్నెండవ భాగం)

"తలుపు తియ్యవే కలో. గంటన్నర అయింది నువ్వు లోపలికెళ్లి."

నీళ్లు పడుతున్న చప్పుడు, దాని కింద గరగరమని దేన్నో రుద్దుతున్న చప్పుడు.

"దేంతో రుద్దుతున్నావే? నా బట్టల సబ్బు కనపడటం లేదు."

"ఇంకొక్కసారి కడుక్కుని వచ్చేస్తానమ్మా."

పొద్దుట్నుంచి ఆ మాట వినడం అది నాలుగోసారి. స్నానాల గది తలుపుకు నుదురు ఆనించి నిలబడిపోయాను. కోప్పడాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా. నాకున్న ఓపికంతా నిన్న సాయంత్రం చర్చి హాల్లోనే అయిపోయింది.

శనివారం మా మాకా పెళ్లి. మాకా మా ఆడబిడ్డ లూపే కొడుకు. మేనత్త కొడుకంటే మా దీవుల్లో తోడబుట్టినవాడి కిందే లెక్క. అన్న పెళ్లిలో చెల్లెలు ఒంటరిగా నిలబడి ఆడాలి, పూలు వేసి కాచిన కొబ్బరినూనె ఒంటినిండా రాసుకుని, ఊరంతా చూస్తుండగా. పదిహేను రోజులుగా లూపే వదినే స్వయంగా కలోకి నూనె రాసి ఆట నేర్పిస్తోంది. ఆ పదిహేను రోజుల్లో పిల్ల మొహం మీద మొటిమలు గడ్డలయ్యాయి. నిన్న నూనె ఎంత రాసినా ఆ ఎర్రటి ఉబ్బుల మీద చుక్కలు చుక్కలుగా నిలబడింది తప్ప పరుచుకోలేదు. చప్పట్లు కొడుతున్న ఆడవాళ్లలో ఒకామె పక్కామె చెవిలో అంది. మెల్లగానే అంది కానీ అందరికీ వినపడింది.

"ఆ పిల్ల చర్మానికి నూనె పట్టడం లేదు చూశావా?"

మా దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం. పెళ్లికాని పిల్ల ఒళ్లు నూనెకు మెరవకపోతే ఆ పిల్ల ఎవరితోనో తిరిగిందని. నా కూతురికి పదిహేడేళ్లు. బడి, ఇల్లు, చర్చి, బడి. ఎవరితో తిరుగుతుందమ్మా, పందులతోనా?

"మఫీ!" ముందుగదిలోంచి లూపే వదిన పిలిచింది. "అది వస్తోందా, నన్ను లేవమంటావా?"

"వస్తోంది వదినా."

"పొద్దున తొమ్మిదింటి నుంచీ వస్తూనే ఉంది."

లూపే వదిన మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి మొగలాకు చాప మీద కూర్చుని విసురుకుంటోంది. ఎదురుగా నూనె సీసా. పక్కన ఆమె బుట్ట. ఆ బుట్టను చూస్తే నాకు గుండెలో కలుక్కుమంటుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

"నిజం చెప్పు," అంది నేను వెళ్లగానే. "అది తండ్రి కంచంలో మిగిలింది తిన్నదా?"

"లేదు వదినా."

"తండ్రి తల ముట్టుకుందా? తండ్రి కప్పులో తాగిందా? ఊరికే ఇలా మొహం పగలదు మఫీ. ఏదో తప్పు జరిగింది. మీ వైపు ఈ పట్టింపులు ఉండవేమో, మాకున్నాయి."

మాది ఎయువా దీవి. పడవలో రెండు గంటలు. అక్కడా ఇవే పట్టింపులు. ఇరవై ఏళ్లుగా నేను ఆ సంగతి చెప్పలేదు, ఆమె అడగలేదు.

కప్పు అనగానే మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. కలోకి మూడేళ్లప్పుడు వాళ్ల నాన్న సెమీసి టీ కప్పులో అడుగున మిగిలిన పంచదార వేలితో నాకింది. చూసి నవ్వుకున్నాను. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, పద్నాలుగేళ్ల కిందటి పంచదార కోసం ఆ నిమిషంలో భయపడ్డాను. అలిసిపోయిన మనిషి దేన్నయినా నమ్ముతుంది.

పెరట్లో సెమీసి సీమపనస చెట్టు కింద కట్టెలు కొడుతున్నాడు. పెళ్లి వంటకు తవ్విన గుంటపొయ్యికి. దగ్గరికెళ్లి నిలబడ్డాను. తలెత్తలేదు.

"మీ అక్కతో ఒక్క మాట చెప్పు."

"ఏమని?"

"పిల్ల మొహానికి నూనె వద్దని."

గొడ్డలి దించాడు. "నేనా? ఆడపిల్ల ఒంటి సంగతి అక్క ముందు కూర్చుని నేను మాట్లాడాలా? బుర్రుండే అంటున్నావా?"

"లేదు. బుర్రుంటే ఎయువాలో పడవెక్కి నీ వెంట వచ్చేదాన్నా?"

ఇంకో రోజయితే నవ్వేవాడు. మా దగ్గర అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పెద్దయ్యాక ఒక గదిలో కూర్చుని సినిమా కూడా చూడరు. అక్క ఇంట్లోకొస్తే తమ్ముడు బయటికి నడుస్తాడు. అదే మర్యాద. సెమీసి మర్యాదస్తుడు, ఆ మర్యాద మొత్తం నా నెత్తిన పడుతుంది.

"అక్క మంచికే చెబుతుంది మఫీ."

"ఈ వారంలో నీ కూతురి మొహం చూశావా?"

చెక్కపేళ్లను కాలితో ఒకచోటికి నెట్టాడు.

"చూశాను. చూడలేకే ఇక్కడికొచ్చా. ఇన్ని కట్టెలు అక్కర్లేదని నాకు తెలీదనుకున్నావా?"

మూడు పెళ్లిళ్లకు సరిపడా కట్టెలున్నాయి అక్కడ. మళ్లీ గొడ్డలి ఎత్తాడు. నేను ఇంట్లోకొచ్చేశాను.

తౌఫా వచ్చింది, గొడుగు మడుచుకుంటూ. ఆరోగ్య కేంద్రం నర్సు. పొద్దున్నే పక్కింటి పిల్లతో కబురు పెట్టాను. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లూపే వదినకు తల వంచి పలకరించి, నేరుగా స్నానాల గది దగ్గరికి పోయింది.

"కలో, నేనమ్మా, తౌఫాని. ఆ సబ్బు కింద పెట్టు. రుద్దడం ఆపు. ఉత్తి నీళ్లతో ఒక్కసారి కడుక్కో, తుడుచుకోకు, అద్దుకో. నువ్వెప్పుడు రావాలనుకుంటే అప్పుడే రా."

గరగర ఆగింది. నేను గంటన్నర నుంచి చెయ్యలేనిది తను నిమిషంలో చేసింది. సంతోషించాలి, కానీ తల కొట్టేసినట్టయింది.

ముందుగదికీ స్నానాల గదికీ మధ్య పలచటి చెక్కగోడే. ఇటు అనుకున్న ప్రతి మాటా అటు వినపడుతుంది. అది తెలిసే తౌఫా కాస్త గట్టిగా మాట్లాడింది.

"కడిగే కొద్దీ పుండు చేసుకుంటోంది. ఇది మురికి వల్ల వచ్చింది కాదు లూపే గారూ."

"క్రిముల వల్లనేగా అన్నావు మొన్న. క్రిములంటే మురికి కాదా?"

"ఆ బాక్టీరియా మీ మొహం మీదా ఉంది, నా మొహం మీదా ఉంది. పాదిరిగారి నుదుటి మీద ఇంకా బాగా ఉండుంటుంది, అంత జిడ్డు కదా ఆయనది."

నాకు నవ్వొచ్చింది. లూపే వదిన విసనకర్ర ఒక్క క్షణం ఆగింది.

"పాదిరిగారి జోలి నీకెందుకు? పిల్ల సంగతి చెప్పు."

"అదే చెబుతున్నా. మన చర్మానికి సన్న సన్న రంధ్రాలుంటాయి. ప్రతి రంధ్రంలో మన ఒంటి నూనే ఊరుతుంది. ఆ నూనె తిని బతికే బాక్టీరియా అందులో ఎప్పుడూ ఉంటుంది. మామూలప్పుడు దానివల్ల చెడేం లేదు. మన ఊళ్లో పందులు లేవా? వీధంతా వాటిదే, వాటి మానాన అవి తిరుగుతాయి. అదే ఓ పందిని చిన్న కొట్టంలో పెట్టి, తలుపు మేకులు కొట్టి, లోపల దాణా పోస్తూ కూర్చుంటే?"

"నా మేనకోడల్ని పందంటున్నావా?"

"కొట్టం అంటున్నాను." తౌఫా జంకలేదు. "ఈ వయసులో నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రం నోరు మూసుకుపోతుంది. లోపల గాలాడదు. గాలాడని చోటే ఆ బాక్టీరియాకు ఇష్టం. తెగ పెరుగుతుంది. ఒళ్లు ఊరుకోదు, దానితో పోట్లాడుతుంది. ఆ ఎరుపు, ఆ వాపు, ఆ చీము అన్నీ ఆ పోట్లాటే. పైన సబ్బు ఎంత తిప్పినా లోపలిది కదలదు. మీరేమో రోజూ పైన కొబ్బరినూనె పోసి తలుపుకు ఇంకో మేకు కొడుతున్నారు."

పెరట్లో గొడ్డలి పడుతోంది, ఆగుతోంది, పడుతోంది.

"సరే మఫీ, మాత్రలు చూపించు," అంది తౌఫా నా వైపు తిరిగి. "తొమ్మిది వారాల కిందట రెండు పెట్టెలిచ్చాను. సరిగా వేసుకుని ఉంటే ఈపాటికి మొహం సగం తేలికపడాలి. ఇలా అయిందంటే నాకు అర్థం కావడం లేదు."

ఇప్పుడు ఆ బుట్ట సంగతి చెప్పాలి.

మూడో వారంలో లూపే వదిన ఓ మధ్యాహ్నం వచ్చింది. ఫ్రిజ్ మీద రెండు పెట్టెలు చూసింది. ఒకటి విప్పినది, ఒకటి విప్పనిది. "మా మాకాకీ ఇలాగే మొటిమలు వస్తున్నాయి, పెళ్లి దగ్గర పడింది," అంది. అడగలేదు కూడా. మా ఆచారంలో మేనత్త అడగక్కర్లేదు. చెవులకున్న కమ్మలైనా, దొడ్లో పందైనా, ఆమె చూపు పడితే ఆమెదే. విప్పని పెట్టె నేనే తీసి ఆమె బుట్టలో పెట్టాను. పెడుతూ నవ్వాను కూడా.

మిగిలిన పెట్టె తౌఫా చెప్పిన పన్నెండు వారాలూ రావాలని కలోకి రోజు విడిచి రోజు ఇచ్చాను. గంజి పలచన చేసి పదిమందికి సర్దినట్టు మందును సర్దాను. ఎవరికీ లేదనకుండా అందరికీ సరిపెట్టడమే నాకు తెలిసిన సంసారం.

"రోజు విడిచి రోజు ఇచ్చాను," అన్నాను.

"ఏంటీ?"

"రోజు విడిచి రోజు. ఎక్కువ రోజులొస్తాయి కదా అని."

తౌఫా నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. "చదువుకున్నదానివి నువ్వు."

"అవును."

"సగం సగం మందిస్తే ఏమవుతుందో తెలుసా? బలహీనంగా ఉన్నవి చస్తాయి, మొండివి మిగుల్తాయి. ఆ తర్వాత పెరిగేవన్నీ ఆ మొండివాటి సంతానమే. ఇప్పుడు ఇదే మందు ఇస్తే పనిచేస్తుందో లేదో నాకే తెలీదు. పిల్లను పట్నం ఆసుపత్రికి పంపాలి. ఇంకో పెట్టె ఏది మరి?"

లూపే వదిన విసురుకుంటోంది. విసనకర్ర ఎప్పటిలాగే కదులుతోంది, తొందర లేకుండా.

"పారేశాను," అన్నాను. "పొరపాటున. చెత్తతోపాటు కాల్చేశాను."

"మఫీ!"

"నా తప్పే తౌఫా. ఇంకేం చెప్పమంటావు? తప్పు నాదే."

అబద్ధం ఆడినందుకు సిగ్గు వెయ్యలేదు. ఇంత సులువుగా వచ్చేసిందేమిటని ఆశ్చర్యం వేసింది. తౌఫా ఇంకా ఏదో అనబోయింది. నోరు తెరిచింది.

స్నానాల గది గడియ తీసిన చప్పుడైంది.

కలో వచ్చింది. తడిజుట్టు వెనక్కి దువ్వుకుని, భుజాల మీద తువ్వాలు కప్పుకుని. బుగ్గలు రెండూ పచ్చిగా ఉన్నాయి. గడ్డం దగ్గర రెండుచోట్ల రక్తం ఊరుతోంది. తౌఫా లేవబోతే చెయ్యెత్తి వద్దంది. నా వైపు చూడలేదు. మేనత్త ముందు ఎలా కూర్చోవాలో అలాగే, చాప అంచున మోకాళ్ల మీద కూర్చుని తల దించింది.

"అత్తా."

"ఏంటి తల్లీ?" లూపే వదిన గొంతు మెత్తబడింది. నిజంగానే మెత్తబడింది. ఆమెకు కలో అంటే ప్రాణం. అదే నా కష్టం. ఆమెను తిట్టుకోవడానికి కూడా నాకు వీలు చిక్కదు.

"మాకా అన్న మొహం నయమైందా అత్తా?"

అంతే అడిగింది. ఎంతో మర్యాదగా అడిగింది.

విసనకర్ర ఆగిపోయింది. తౌఫా లూపే వదిన వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ ఆమె వైపు చూసింది. నేను చాప అల్లికలు చూస్తూ కూర్చున్నాను.

లూపే వదిన బుట్టలో చెయ్యిపెట్టింది. గుడ్డలు పక్కకు జరిపి పెట్టె తీసి నూనె సీసా పక్కన పెట్టింది. మూత అంటించినది అంటించినట్టే ఉంది.

"వాడు వేసుకోలేదు," అంది. "మాత్రలు నావల్ల కాదన్నాడు. పెళ్లినాటికి గడ్డం పెంచేస్తే సరిపోతుందన్నాడు."

పెట్టెను సీసా పక్కన వేలితో సరిచేసింది.

"ఇవాళ తెచ్చిచ్చేద్దామనే తెచ్చాను. ఎవరూ చూడకుండా ఫ్రిజ్ మీద పెట్టేసి పోదామనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆరు వారాలు. ఆరు వారాలు ఆ పెట్టె ఆ బుట్టలో గుడ్డల కింద, నా కూతురు అద్దం వైపు చూడకుండా దువ్వుకుంటూ ఇక్కడ. ఎవరైనా వాడి ఉంటే నా మనసుకు కొంచెం ఓదార్పుగా ఉండేది. ఎవరికీ అక్కరకు రాలేదు.

"ఇప్పటికైనా విప్పుదాం," అంది లూపే వదిన. "శనివారానికి—"

"శనివారానికి ఏ మందూ ఏమీ చెయ్యదు," అంది తౌఫా. ఆమె గొంతులోనూ కోపం లేదు, అలసటే ఉంది. "నెలలు పడుతుంది. లోపల గడ్డకట్టినవి నాలుగున్నాయి. వాటి మీద మళ్లీ నూనె, మళ్లీ రుద్దుడు అంటే గుంటలు పడతాయి. గుంటలు పడ్డాక నా దగ్గర మందు లేదు. చేతులకు రాయండి, కాళ్లకు రాయండి. మొహానికీ మెడకూ వద్దు."

"మొహానికి నూనె లేకుండా నిలబెట్టమంటావా? నిన్న మెల్లగా అన్నవాళ్లు శనివారం గట్టిగా అంటారు."

"అననివ్వండి."

"అననివ్వాలా?" లూపే వదిన మొదటిసారి గొంతు పెంచింది. "గుంటలున్న మొహంతో బతికినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. మాట పడ్డ పేరుతో బతకడం ఎలా ఉంటుందో నీకు తెలుసా తౌఫా? నాకు తెలుసు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించారు. ఎండకు నూనె ఆరిపోయింది. అంతే. అంతే జరిగింది. నాలుగేళ్లు మా గుమ్మంలోకి ఒక్క సంబంధం రాలేదు. మా అమ్మ చర్చిలో వెనక వరసకు మారిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అననే అక్కర్లేదు."

ఇరవై ఏళ్లలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సెమీసి కూడా చెప్పలేదు.

తౌఫా తల దించుకుంది.

కలో తలెత్తింది. భుజాల మీది తువ్వాలు తీసి ఒళ్లో మడత పెట్టుకుంది.

"రాయండి అత్తా."

"కలో," అన్నాను.

"పర్లేదమ్మా. మచ్చలు పడితే నా ఒక్కదానికే పడతాయి. మాట పడితే మనందరికీ పడుతుంది. నాన్నకి, మాకా అన్నకి, నీకు. రాయండి అత్తా. నేను ఏడవను."

నా పెంపకం అది. ఎవరికీ లేదనకూడదని, తన వాటా తగ్గించుకుని అందరికీ సర్దాలని నేనే నేర్పాను. మాత్రలు సర్దినట్టే ఇప్పుడు అది తన మొహాన్ని సర్దుతోంది. అందులో అబద్ధం లేదు, కోపం లేదు. పెంకితనమైనా ఉంటే బావుండునని నాకనిపించింది.

లూపే వదిన సీసా మూత తీసింది. పూల వాసన గదినిండా కమ్ముకుంది. అరచేతిలో నూనె వంపుకుంది. ఆ చెయ్యి కలో చెంప దాకా వెళ్లింది. పచ్చి చర్మానికి వేలెడు దూరంలో ఆగింది. ఒక చుక్క జారి కలో మోకాలి మీద పడింది.

నేనెప్పుడు లేచానో నాకు తెలీదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

పెద్దాడబిడ్డ చెయ్యి పట్టి ఆపడమంటే మా ఊళ్లో కొట్టడం కన్నా ఎక్కువ. నూనె నా వేళ్ల మధ్య నుంచి కారుతోంది. వదిలెయ్యమని నా చేతికి చెప్పాను. అది వినలేదు.

"వదులు మఫీ," అంది లూపే వదిన మెల్లగా.

"వదలను వదినా. కమ్మలు తీసుకోండి. చాపలు తీసుకోండి. దొడ్లో ఏముంటే అది తోలుకుపోండి. దీని మొహం మాత్రం ఇవ్వను."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. ముందుకూ పోనివ్వలేదు. మా ఇద్దరి చేతుల కింద కలో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

అప్పుడు గమనించాను, పెరట్లో గొడ్డలి చప్పుడు లేదు. ఎంతసేపటి నుంచి లేదో తెలీదు.

గుమ్మంలో నీడ పడింది. సెమీసి. అక్క కూర్చున్న గదిలోకి, ఆడపిల్ల ఒంటి సంగతి నడుస్తున్న గదిలోకి, చేతులకు చెక్కపొట్టుతో, చెప్పులు విడిచి లోపలికి నడిచి వచ్చాడు. కూతురి పక్కన చాప మీద మోకాళ్లూని కూర్చున్నాడు. దాని మొహం చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"అక్కా," అన్నాడు.

లూపే వదిన తమ్ముడి వైపు చూడలేదు. నా పిడికిట్లో ఆమె నాడి గబగబా కొట్టుకోవడం తెలుస్తోంది. సెమీసి చెయ్యి చాచి, నూనె సీసాకు మూత బిగించి, దాన్నీ మాత్రల పెట్టెనూ రెంటినీ తన దగ్గరికి లాక్కున్నాడు.